మన గోదావరి బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు – మనం దాచుకునే జబ్బు

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకోవడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, సావిత్రీబాయి ఫూలే గారి గురించి మన అన్నలు లోగడ చాలా చక్కగా రాశారు. ఈసారి నాకు అవకాశం ఇచ్చిన వార్డెన్ గారికి, సంపాదక వర్గంలోని తమ్ముళ్ళకు ముందుగా కృతజ్ఞతలు. నేను ఎన్నుకున్న వ్యక్తి మన గోదావరి గడ్డ మీద పుట్టి, అమెరికాలో కన్నుమూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన పేరు నాకు పరిచయమైంది జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో కాదు, ల్యాబ్‌లో. ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ మొదటి సంవత్సరంలో రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే ప్రయోగం చేయించారు. పరీక్షనాళికలో ద్రావణం మెల్లగా నీలం రంగుకు తిరుగుతుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఆ పద్ధతి పేరు ఫిస్కే – సుబ్బారావ్ పద్ధతి. ఇది 1925 నాటిది. వందేళ్ళు గడిచినా ఇంకా విద్యార్థుల చేత చేయిస్తున్నారు. ఆ రెండో పేరు మన భీమవరం మనిషిదని తెలిసినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నా చేతిలోని పరీక్షనాళికలో మా జిల్లా వాడి పేరు కనబడటం నాకు చిన్న విషయం కాదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం మానుకోవలసి రావడంతో పెద్ద కుటుంబం ఇబ్బందుల్లో పడింది. పిల్లవాడి చదువు రాజమండ్రిలో మొదలైంది గాని చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ళ వయసులో డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడట. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలని ఆలోచన. తల్లి పట్టుకుని వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. పదో తరగతి సప్లిమెంటరీ రాస్తున్న తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చదువు సాగుతుండగానే తండ్రి పోయారు. సుబ్బారావు గారికి సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ పెద్దలు కూడా వైద్యం చదివి జనానికి సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితుల సాయంతోనూ, తర్వాత మామగారైన కస్తూరి వారి సాయంతోనూ చదువు నడిచింది. 1919లో శేషగిరి గారితో వివాహమైంది.

అవి గాంధీగారి పిలుపు దేశమంతా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు దుస్తులు వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. ఫలితంగా రాత పరీక్షల్లో బాగా రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

ఆ కాలంలోనే స్ప్రూ అనే జబ్బు ఆ ఇంటిని కుదిపేసింది. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి చిక్కి శల్యమై, రక్తహీనతతో కూలిపోయే జబ్బు అది. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. సుబ్బారావు గారూ అదే జబ్బు పడి కోలుకున్నారు. కళ్ళెదుట సొంతవాళ్ళు పోతుంటే డాక్టరు చదువు చదివి కూడా ఏమీ చేయలేకపోవడం ఎలాంటి బాధో చెప్పనవసరం లేదు. ఈ బాధ గురించి చివర్లో నా సంగతి కూడా చెప్తాను.

అమెరికా వెళ్ళి ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవాలని నిర్ణయించుకున్నారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ నుంచి దొరికిన హామీ ఆయనను 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేర్చాయి. భార్య అప్పటికి గర్భవతి. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. మళ్ళీ భార్యను కూడా చూడలేదు. రెండు మూడేళ్ళలో తిరిగి వస్తానని వెళ్ళిన మనిషి ఎన్నడూ తిరిగి రాలేదు.

బోస్టన్‌లో ఫీజులకు, తిండికి డబ్బు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని అది. ఇక్కడ ఒక మాట దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఆయన పుట్టిన కులం వేరు, మన తాతలకు అదే పని పుట్టుకతో నెత్తిన రుద్దిన వ్యవస్థ వేరు. ఆయనది డబ్బులేని కష్టం, మన పెద్దలది దానికి తోడు అంటరానితనం. రెండూ ఒకటి కావు. అయినా రోగి శరీరం నుంచి వచ్చేది ఏదీ అసహ్యం కాదని గ్రహించిన డాక్టరుగా ఆయనను నేను గౌరవిస్తాను.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పని ప్రపంచానికి తెలిసింది. భాస్వరం కొలిచే పద్ధతి తర్వాత, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని 1920ల చివర్లో గుర్తించారు. ఇంటర్ బైపీసీ పుస్తకంలో మనం కణానికి శక్తి నాణెం అని చదువుకునే ఏటీపీ అదే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు.

అక్కడ ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసినవి ఒకరి జన్మకు సరిపోయే పనులు కావు, నలుగురి జన్మలకు సరిపోయేవి. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అది స్ప్రూ రోగుల రక్తహీనతకు మందు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు ఆయన చేతుల మీదుగానే మందు వచ్చింది. గర్భిణులకు ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది కూడా ఆ ఫోలిక్ ఆమ్లమే. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఆయన నాయకత్వంలోని ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది.

1947లో హెట్రజాన్ వచ్చింది. ఈ పేరు మీకు తెలియకపోవచ్చు గాని ఆ మాత్ర మీరు మింగే ఉంటారు. దాని ఇంకో పేరు డీఈసీ. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగించిన మాత్ర అదే. మన డెల్టాలో కాలవలు, మురుగు, దోమలు ఎక్కువ. దోమకాటుతో వచ్చే ఫైలేరియా పురుగు కొందరికి కాలిలో చేరి బోదకాలు తెస్తుంది. కొందరు మగవాళ్ళకు వృషణాల సంచిలో నీరు పట్టి వరిబీజం తెస్తుంది. ఊళ్ళో దాన్నే బుడ్డ అంటారు. లుంగీ వదులుగా కట్టుకుని, ఎవరి ఎదుటా గబగబా నడవలేక, పెళ్ళిళ్ళకు పోవడం మానుకున్న పెద్దవాళ్ళను మనలో చాలామంది చూశాం. పిల్లలు నవ్వుతారు, పెద్దలు దాస్తారు.

ఇక చివరి పని. ఫోలిక్ ఆమ్లం లేనిదే కణం రెండుగా విడిపోలేదు. క్యాన్సర్ కణం మిగతా కణాల కంటే విచ్చలవిడిగా విడిపోతుంది కాబట్టి దానికి ఆ అవసరం ఇంకా ఎక్కువ. ఫోలిక్ ఆమ్లం లాగే కనబడి ఆ పని చేయని నకిలీ పదార్థాన్ని ఇస్తే? తాళంలో తప్పుడు చెవి దూర్చి విరగ్గొట్టినట్టు, కణం పని ఆగిపోతుంది. సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న చిన్నపిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గడం చూశారు. 1948లో ఆ ఫలితాలు ప్రకటించారు. దాని తోబుట్టువు లాంటి మందే మెథోట్రెక్సేట్. ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

ఆ ఏడాదే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. పేరు కోసం పాకులాడని మనిషి. పత్రికల వాళ్ళు వస్తే సహచరులను ముందు నిలబెట్టి తాను వెనక్కి తప్పుకునేవారని చెబుతారు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆయన కథ అక్కడ ముగిసింది గాని ఆయన మందు కథ ముగియలేదు. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ అనే డాక్టరు, కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ ఉన్న స్త్రీకి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. గర్భంలోని మాయ నుంచి పుట్టే క్యాన్సర్ అది. ఊపిరితిత్తులకు పాకిన గడ్డలు కరిగిపోయాయి. ఒంట్లో పాకిపోయిన గడ్డ క్యాన్సర్ మందులతోనే నయం కాగలదని లోకానికి మొదటిసారి తెలిసింది. అలాంటి కణాలే కొందరు మగవాళ్ళ వృషణాల క్యాన్సర్‌లోనూ ఉంటాయి. అందుకని 1960లో అదే లీ, మెథోట్రెక్సేట్‌తో పాటు మరి రెండు మందులు కలిపి వృషణాల క్యాన్సర్ ముదిరిన యువకులకు ఇచ్చారు. కొందరు బతికారు. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు సిస్‌ప్లాటిన్ అనే మందును కలిపి ఇచ్చాక పరిస్థితి పూర్తిగా మారిపోయింది. అంతకుముందు జబ్బు ఒళ్ళంతా పాకినవాళ్ళలో పదిమందికి ఒకరు బతకడం గగనం. ఇప్పుడు పదిమందిలో ఎనిమిదిమంది దాకా బతుకుతున్నారు. తొలిదశలో పట్టుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది. ఇప్పటి వైద్యంలో సిస్‌ప్లాటిన్‌దే ముఖ్య పాత్ర, కాని ఆ దారిలో తొలి అడుగు భీమవరం మనిషి మందుతో పడింది.

2011 ప్రపంచకప్‌లో మ్యాన్ ఆఫ్ ద టోర్నమెంట్ అయిన యువరాజ్ సింగ్ మనందరికీ తెలుసు. అతనికి ఛాతీలో ఊపిరితిత్తుల మధ్య వచ్చింది ఈ జాతి కణాల గడ్డే. వృషణాలలో వచ్చే సెమినోమా అనే రకమే అరుదుగా అక్కడ కూడా పుడుతుంది. 2012లో అదే ఐన్‌హార్న్ గారి దగ్గర వైద్యం చేయించుకుని, ఆ ఏడాదే మళ్ళీ భారత జట్టుకు ఆడాడు.

మిత్రులారా, ఇదంతా మన హాస్టల్ సంచికలో ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు చెప్తాను.

మా చిన్న మావయ్య, అంటే అమ్మకు ఆఖరి తమ్ముడు, చేపల చెరువుల మీద కూలి పని చేసేవాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాను. ఒక సాయంత్రం చెరువు గట్టు మీద నన్ను పక్కకు పిలిచి, నువ్వు సైన్సు చదువుతున్నావు కదా అని, తనకు ఒక పక్క బీజం గట్టిగా రాయిలా అయిందని, నొప్పి లేదని చెప్పాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. నవ్వేసి, బుడ్డ అయి ఉంటుందని చెప్పి తప్పించుకున్నాను. మళ్ళీ ఎవరికీ చెప్పుకోలేదు తను. ఏడాది తర్వాత ఎవరో సూదితో నీళ్ళు తీయబోయారు. ఇంకొన్నాళ్ళకు దగ్గు పట్టుకుంది, నడుము నొప్పి మొదలైంది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మందులు ఎక్కించడం మొదలుపెట్టారు. రెండు విడతలు అయ్యాక వాంతులకు, జుట్టు ఊడిపోవడానికి భయపడి, కూలి పోతుందని ఇంటికొచ్చేశాడు. 2019లో పోయాడు. వయసు 27. నయమయ్యే జబ్బుతో పోయాడని నాకు తెలిసింది ఎం.ఎస్సీ.లో చేరాక. ఆ సాయంత్రం నేను నవ్వకుండా ఉండి ఉంటే అనే ఆలోచన నన్ను వదలదు.

అందుకే మీకు చెప్పేది శ్రద్ధగా చదవండి. వృషణాల క్యాన్సర్ మన దేశంలో చాలా అరుదు. లక్ష మంది మగవాళ్ళలో ఏడాదికి ఒకరికంటే తక్కువ మందికి వస్తుంది. కాబట్టి భయపడవలసిన పని లేదు. కాని వచ్చేది ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ళ లోపు వాళ్ళకే, అంటే మన వయసు వాళ్ళకే. పుట్టినప్పుడు వృషణం సంచిలోకి దిగకుండా పైనే ఉండిపోయినవాళ్ళకు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చినవాళ్ళకు కొంచెం ఎక్కువ అవకాశం. ఇది అంటువ్యాధి కాదు. చెడు అలవాట్ల వల్ల వచ్చేదీ కాదు. చేతి అలవాటు వల్ల వస్తుందని హాస్టల్ గదుల్లో చెప్పుకునే మాట శుద్ధ అబద్ధం.

చూసుకోవడం రెండు నిమిషాల పని. వేణ్ణీళ్ళ స్నానం తర్వాత సంచి వదులుగా ఉంటుంది, అప్పుడు చూసుకోవాలి. మన హాస్టల్లో వేణ్ణీళ్ళు ఎక్కడివని నవ్వకండి, ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు చాలు. ఒక్కొక్క వృషణాన్ని బొటనవేలికి, మిగతా వేళ్ళకు మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. మామూలు వృషణం నున్నగా, ఉడకబెట్టిన గుడ్డులా కొంచెం మెత్తగా ఉంటుంది. వెనుక వైపు మెత్తని తాడులాంటిది తగులుతుంది. అది సహజం, గడ్డ కాదు. ఒకటి కాస్త పెద్దదిగా ఉండటం, ఒకటి కిందకు వేలాడటం కూడా సహజమే. బఠాణీ గింజంత గట్టి గడ్డ తగిలినా, ఒకటి మునుపటికంటే పెరిగినా, బరువుగా అనిపించినా, గజ్జల్లో మొద్దు నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. ఈ గడ్డ మొదట్లో తరచుగా నొప్పి పెట్టదు, మోసం అక్కడే ఉంది.

జబ్బు అరుదు కాబట్టి అందరూ నెలనెలా తప్పనిసరిగా పరీక్షించుకోవాలని కొన్ని వైద్య సంస్థలు చెప్పడం లేదు. అది కూడా నిజమే. నేను చెప్పేది రోజూ తడుముకుని బెంగపడమని కాదు. నీ ఒళ్ళు మామూలుగా ఎలా ఉంటుందో నీకు తెలిసి ఉంటే, మార్పు వచ్చిన రోజు నీకే తెలుస్తుంది.

మన డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. ఏ వాపు వచ్చినా వరిబీజమే అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కాని క్యాన్సర్ గడ్డ చుట్టూ కూడా నీరు చేరవచ్చు. తేల్చేది మనం కాదు, స్కానింగ్. అల్ట్రాసౌండ్‌కు నొప్పి ఉండదు. ఆ తర్వాత అవసరమైతే రక్తపరీక్షలు చేస్తారు. స్కానింగ్ కాకుండా ఎవరినీ అక్కడ సూది గుచ్చనివ్వకండి. గడ్డ క్యాన్సర్ అయితే సూది వల్ల అది పాకే ప్రమాదం ఉంది. ఇంకొకటి, ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాపు, వాంతి వస్తే అది వృషణం మెలిపడటం కావచ్చు. అది క్యాన్సర్ కాదు గాని ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరగాలి. రాత్రి రెండు గంటలైనా సరే, వార్డెన్ గారిని లేపి 108కి ఫోన్ చేయండి. తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

క్యాన్సర్ అని తేలితే జబ్బు ఉన్న వృషణాన్ని గజ్జల దగ్గర కోసి తీసేస్తారు. మిగిలిన ఒక్కటి చాలు. మగతనం పోదు, పెళ్ళికి అడ్డం కాదు, ఎక్కువమందికి పిల్లలు పుడతారు. మందులు ఎక్కించే ముందు వీర్యం భద్రపరిచే వీలుంది, డాక్టరును అడగాలి. కాకినాడ, రాజమండ్రి ప్రభుత్వ ఆసుపత్రులలో ముందు చూపించుకోవచ్చు. విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మనలాంటి తెల్లకార్డు కుటుంబాలకు ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, క్యాన్సర్ వైద్యానికి వర్తిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, మొదలుపెట్టిన వైద్యం మధ్యలో ఆపకూడదు. జుట్టు మళ్ళీ మొలుస్తుంది.

హాస్టల్ దాటి ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఒక మనవి. మీలో డాక్టర్లు, నర్సులు, టీచర్లు ఉన్నారు. ఏడాదికి ఒక్క ఆదివారం మన హాస్టల్‌కు వచ్చి ఈ విషయం పిల్లలతో నేరుగా మాట్లాడండి. వార్షికోత్సవం మరునాడు అయితే ఇంకా మంచిది, అందరూ ఉంటారు.

తమ్ముళ్ళకు ఒకే ఒక్క మాట. సుబ్బారావు గారు పేరుకు సిగ్గుపడ్డారు, అది ఆయనకు అలంకారం. మనం జబ్బుకు సిగ్గుపడితే అది ప్రాణాల మీదకు వస్తుంది. గదిలో తోటివాడు ఎవరైనా మెల్లగా వచ్చి ఇలాంటి సంగతి చెబితే నవ్వకండి. తలుపు వేసి, అతను చెప్పేది పూర్తిగా వినండి. మరునాడు అతనితో కలిసి ఆసుపత్రికి వెళ్ళండి. నేను చేయలేకపోయిన పని అది.

– ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి